పచ్చడి జాడీ చూపే దారి

గుంటూరు, నరసరావుపేట, చీరాల, ఒంగోలు లాంటి ఊళ్లలో కుటుంబమంతా కలిసి ప్రయాణం అనగానే మనకు ముందు దూరాలే గుర్తొస్తాయి. మొక్కు ఉంటే తిరుపతి, ఎండలు ముదిరితే ఊటీ, పిల్లలు పేచీ పెడితే అరకు. డబ్బు దాచుకుంటాం, సెలవులు సర్దుకుంటాం, వెళ్లొస్తాం. వచ్చాక ఇంట్లో ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి ఏం గుర్తుందో అడిగి చూడండి. నాన్న పెట్రోలు బిల్లుల గురించీ, ట్రాఫిక్ గురించీ చెబుతాడు. పిల్లలు హోటల్ గదిలో చూసిన సినిమా పేరు చెబుతారు. అమ్మకు మాత్రం బయల్దేరే ముందు రాత్రి సర్దిన సంచులూ, తిరిగొచ్చిన రోజు నానబెట్టిన బట్టలూ గుర్తుంటాయి. అందరూ ఒకే కారులో వెళ్లారు గానీ, అందరూ చేయి వేసి చేసిన పని ఒక్కటీ లేదు.

కలిసి చూసినవాటి కంటే కలిసి చేసినవే ఎక్కువ కాలం గుర్తుంటాయని నా నమ్మకం. అందుకే ఈ అధ్యాయంలో మీకొక ప్రయాణం చెబుతున్నాను. దానికి గది బుక్ చేసుకోనక్కర్లేదు, వారం సెలవు పెట్టనక్కర్లేదు. తెల్లవారుజామున బయల్దేరితే చీకటి పడేలోగా ఇంటికి వచ్చేయొచ్చు. మీరు చేయాల్సిందల్లా మీ ఇంట్లో వాడే పచ్చడి ఒకటి ఎంచుకోవడం. అందులో పడే సరుకులు ఎక్కడ పుడతాయో అక్కడికి ఇంటిల్లిపాదీ వెళ్లండి. చూసి, తెచ్చుకుని, మర్నాడు అందరూ కూర్చుని ఆ పచ్చడి పెట్టండి.

మొదటిసారికి కొరివికారం ఎంచుకోమంటాను. పండుమిరపకాయలు, ఉప్పు, చింతపండు, పసుపు చాలు. ఇందులో చింతపండు, పసుపు ఇంట్లోవే వాడుకోవచ్చు. మిగిలిన రెండూ మన మైదానంలోనే పుడతాయి. మిరప నల్లరేగడిలో పండుతుంది, ఉప్పు చినగంజాం దగ్గర సముద్రపు నీళ్లలోంచి తేలుతుంది. ఆ రెండింటికీ మధ్య దారి ఒక్క పూటది.

దారి ఎటు?

సంక్రాంతి వెళ్లాక బయల్దేరండి. జనవరి చివరి వారం నుంచి మార్చి మొదటి వారం దాకా మంచి రోజులు. ఎండ ఇంకా ముదరదు, చేలల్లో మిరప పండి ఉంటుంది, కల్లాలు నిండుగా ఉంటాయి. గుంటూరు నుంచి అయితే 16వ నంబరు జాతీయ రహదారి మీద చిలకలూరిపేట దాకా వెళ్లి, అక్కడ ఎడమకు తిరిగి పర్చూరు మీదుగా చీరాల చేరండి. చీరాల నుంచి వేటపాలెం, చినగంజాం, ఆపైన ఒంగోలు. ఒంగోలులో మళ్లీ పెద్ద రహదారి ఎక్కి ఇంటికి రావచ్చు. ఒంగోలు వాళ్లు ఇదే దారిని తిరగేసి పట్టుకుంటే సరి. మాచర్ల, పిడుగురాళ్ల వైపు వాళ్లకు అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డు ఉంది. దాని మీద దిగి మేదరమెట్ల దగ్గర పెద్ద రహదారిని అందుకోవచ్చు.

గుంటూరు మిర్చి యార్డుకు తీసుకెళ్లమని పిల్లలు అడుగుతారు. ఆసియాలోనే పెద్దదిగా పేరున్న మిర్చి మార్కెట్ మన ఊళ్లో ఉందంటే వాళ్లకు కుతూహలం ఉండదా! అయినా చిన్నపిల్లలను లోపలికి తీసుకెళ్లొద్దంటాను. సీజన్లో ఆ ఘాటుకు పెద్దవాళ్లకే దగ్గు ఆగదు. పైగా అది టిక్కీల (బస్తాల) లెక్కన బేరాలు జరిగే చోటు, కిలో రెండు కిలోలు కొనుక్కునే చోటు కాదు. బయట నుంచి చూపించండి, వరసగా ఆగిన లారీలు చూపించండి. మన సరుకు దేశవిదేశాలకు పోతుందనీ, గుంటూరు సన్నం మిరపకు భౌగోళిక గుర్తింపు ఉందనీ చెప్పండి. పక్కనే ఉన్న లాం పరిశోధన కేంద్రంలోనే ఎల్‌సీఏ 334 లాంటి రకాలు తయారయ్యాయని చెప్పండి. ఆ తర్వాత చేలవైపు వెళ్లండి. మిరప గురించి నేర్చుకోవాల్సింది కల్లం దగ్గర.

పర్చూరు చుట్టుపక్కల దారి పొడవునా మీకు రెండు రంగులు కనపడతాయి. ఆఖరి తీతకు వచ్చిన పత్తి తెల్లగా, ఆరబోసిన మిరప ఎర్రగా. పత్తి చేను దగ్గర కూడా ఒక్క నిమిషం ఆగండి. రైతునడిగి ఒక పత్తికాయ తీసుకుని పిల్లల చేతిలో పెట్టి, దూదిలో దాగిన గింజలు విడదీయమనండి. జిన్నింగు మిల్లులో యంత్రం చేసే పని అదే. ఆ గింజల నుంచి వంటనూనె కూడా తీస్తారని చెప్పండి. ఒంటి మీద చొక్కా, మూకుట్లో నూనె ఒకే మొక్క నుంచి వస్తాయన్న సంగతి చేనుగట్టు మీద విన్న పిల్లవాడు మర్చిపోడు.

చీరాల దాటాక వేటపాలెంలో జీడిపప్పు కొనుక్కోండి, అక్కడ దానికి పేరు. అదే ఊళ్లో 1918లో మొదలైన సారస్వత నికేతనం గ్రంథాలయం ఉంది. దాని భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు. తెరిచి ఉంటే లోపలికి వెళ్లి పాత పత్రికలు చూసి రండి. ఓ మాదిరి ఊళ్లో జనం పుస్తకాల కోసం అంత ఇల్లు కట్టుకున్నారని పిల్లలకు తెలియాలి.

చినగంజాం ఉప్పుమళ్లు ఈ ప్రయాణంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు. సముద్రపు నీటిని మళ్లలోకి మళ్లిస్తారు. ఎండ, గాలి ఆ నీటిని లాగేస్తుంటే కింద ఉప్పు గడ్డకడుతుంది. దాన్ని గోరి కుప్ప పోస్తారు. బళ్లో బాష్పీభవనం అని బట్టీపట్టిన మాట అక్కడ కళ్ల ముందు జరుగుతుంటుంది. మళ్లలో పనిచేసే వాళ్ల పాదాలు, అరచేతులు గమనించమని పెద్దపిల్లలకు చెప్పండి. ఉప్పునీళ్లలో రోజంతా నిలబడితే చర్మం ఏమవుతుందో అక్కడ తెలుస్తుంది. పచ్చడికి మాత్రం అయోడిన్ కలిపిన కల్లుప్పు కొట్లో కొనుక్కోండి.

సముద్రం దాకా వచ్చాం కదా అని ఓడరేవులోనో రామాపురంలోనో దిగాలనిపిస్తుంది. పాదాలు తడుపుకుని రండి, లోపలికి వెళ్లొద్దు. ఈ తీరంలో ఏటా పిల్లలు మునిగిపోయిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాం.

పనులు పంచుకునే రాత్రి

ఈ అధ్యాయం మొత్తంలో మీరు ఒక్క భాగమే పాటించదలచుకుంటే, ఇదే పాటించండి.

బయల్దేరడానికి రెండు రోజుల ముందు, రాత్రి భోజనాలయ్యాక అందరూ కూర్చోండి. ఒక కాగితం మీద పనులన్నీ రాయండి: పులిహోర, దద్దోజనం, మంచినీళ్లు, దారి చూడటం, కారు టైర్లలో గాలి, మందుల సంచి, డబ్బు లెక్క, తిరిగొచ్చాక గిన్నెలు తోమడం, పచ్చడి రోజున మిరపకాయలు తుడవడం. ప్రతి పని పక్కనా ఒక పేరు రాయండి. ఒకే పేరు అన్నిచోట్లా కనపడితే ఆ కాగితం చింపి మళ్లీ రాయండి.

అమ్మకు ఆ రోజు వంట పని పెట్టకండి. మొహమాటం లేకుండా చెబుతున్నాను. మన ఇళ్లలో ప్రయాణాలంటే ఆడవాళ్లకు పని రెట్టింపు. ఇంట్లో చేసేది ఎలాగూ చేస్తారు, దాని మీద సర్దడం, విప్పడం, ఉతకడం. కాబట్టి పులిహోర నాన్న కలపాలి. తాతయ్య చింతపండు పులుసు తీసిపెట్టాలి. నాన్నమ్మ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని ఇంగువ ఎంత, పోపు ఎప్పుడు దించాలి అని చెబితే చాలు. అమ్మ ముందు సీట్లో కూర్చుంటుంది, ఎక్కడ ఆగాలో ఆమె చెబుతుంది, ఆగుతారు.

దీనికి ముందు అడ్డుపడేది అమ్మలే. "వాళ్లకు చేతకాదండీ, నేనైతే పది నిమిషాల్లో చేసేస్తాను" అంటారు. నిజమే, చేసేస్తారు. కానీ ఆ పది నిమిషాల కోసం ఇంట్లో మిగతావాళ్లు జీవితాంతం చేతకానివాళ్లుగా మిగిలిపోతున్నారు. పోపు ఒకసారి మాడనివ్వండి. రెండోసారి మాడదు. హాస్టళ్లకూ, హైదరాబాదు, బెంగళూరు ఉద్యోగాలకూ, విదేశాల చదువులకూ వెళ్లే మన పిల్లలకు ఇంటి దగ్గర నేర్పాల్సిన వాటిలో వంట మొదటిది. అది ఆడపిల్లలకు ఎంత అవసరమో మగపిల్లలకూ అంతే.

పదేళ్లు దాటిన పిల్లలకు దారి అప్పగించండి. ఫోనులో మ్యాపు చూడటం వాళ్లకు మనకంటే బాగా వచ్చు. దాంతోపాటు కాగితం మీద ఊళ్ల పేర్లు వరసగా రాయించండి. ఇంకా చిన్నవాళ్లకు నీళ్ల సీసాల లెక్క అప్పగించండి. ఇది ఉత్తుత్తి పని కాదు. పడమటి మెట్ట వైపు, ముఖ్యంగా కనిగిరి, దర్శి ప్రాంతాల్లో బోరునీళ్లలో ఫ్లోరైడ్ సమస్య ఉంది. ఆ దారిన వెళ్లేటప్పుడు ఇంటి నీళ్లు సరిపడా పట్టుకెళ్లడం ఆరోగ్యానికి సంబంధించిన విషయం. ఆ బాధ్యత ఆరేళ్ల పిల్లకు ఇచ్చి, ఎందుకిచ్చారో కూడా చెప్పండి. దారంతా ఎంత శ్రద్ధగా లెక్క చూస్తుందో మీరే గమనిస్తారు.

పిల్లల్లో ఒకరికి నోట్‌బుక్ ఇచ్చి ఆ రోజు సంగతులు రాయమనండి. మనకు దీనికి గొప్ప పెద్దదిక్కు ఉన్నాడు, ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీం కోర్టులో ఉద్యోగి. 1830 మే 18న కుటుంబంతో, పరివారంతో కాశీకి బయల్దేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి మద్రాసు చేరాడు. రైళ్లు లేని కాలం, పల్లకీ బోయీలతో కాలిదారి ప్రయాణం. మజిలీ మజిలీకీ నీళ్లు ఎలా ఉన్నాయి, అంగళ్లు ఉన్నాయా, వంట సామాను దొరుకుతుందా, దిగడానికి నీడ ఉందా అని రాసుకుంటూ వెళ్లాడు. ఆ రాతలే 1838లో కాశీయాత్ర చరిత్రగా అచ్చయ్యాయి. ఇంటిల్లిపాదికీ దారిలో అన్నం ఎలా అన్న బాధ్యతతో చూసిన మనిషి కాబట్టి, దేశం ఆయన కంటికి అంత వివరంగా కనపడింది. మీ అమ్మాయో అబ్బాయో ఊరి పేరు, వచ్చిన వేళ, తిన్నది, మాట్లాడిన మనిషి అని నాలుగు గడులు గీసుకుని నింపితే చాలు. పదేళ్ల తర్వాత మీ ఇంట్లో ఫోటోల కంటే ఆ పుస్తకమే ఎక్కువసార్లు చేతులు మారుతుంది.

డబ్బాలో అన్నం

మన పెద్దవాళ్లు ప్రయాణానికి పులిహోర, దద్దోజనం కట్టేవాళ్లంటే దాని వెనుక బలమైన కారణం ఉంది. వండిన అన్నం గోరువెచ్చగా గంటల తరబడి మూతపెట్టి ఉంచితే అందులో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి పెరుగుతుంది. దాని బీజాలు వండినా చావవు. అది విడిచే విషపదార్థంతో వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి, తిరిగి వేడి చేసినా ఆ విషం పూర్తిగా పోదు. చింతపండు పులుపు ఆ పెరుగుదలకు అడ్డుపడుతుంది. అందుకని మామూలు అన్నం, కూర కంటే పులిహోర ప్రయాణంలో నమ్మకమైన భోజనం.

నాన్నలూ, ఇది మీ పని కాబట్టి వివరంగా చెబుతాను. అన్నం పలుకుగా వండండి. వెంటనే వెడల్పాటి పళ్లెంలో పరిచి పసుపు, రెండు గరిటెల నూనె, కరివేపాకు వేసి ఆరనివ్వండి. చింతపండు గుజ్జులో ఉప్పు, చీరిన పచ్చిమిర్చి వేసి, నీరంతా పోయి నూనె పైకి తేలేదాకా ఉడికించండి. ఎక్కువమంది తొందరపడేది ఇక్కడే. పులుసు పల్చగా ఉంటే పులిహోర మధ్యాహ్నానికి ముద్దయిపోతుంది. పోపులో పచ్చిశనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, ఎండుమిర్చి, పల్లీలు, చివర్లో ఇంగువ. అన్నం పూర్తిగా చల్లారాకే పులుసు, పోపు కలిపి స్టీలు డబ్బాలో పెట్టండి. వేడిగా మూత పెడితే లోపల ఆవిరి నీరై అన్నం పాడవుతుంది. ఉల్లిపాయ, పచ్చికొబ్బరి దీంట్లో వేయొద్దు.

దద్దోజనానికి అన్నం మెత్తగా వండి, గోరువెచ్చగా అయ్యాక కాచిన పాలు పోసి మెదిపి, ఒక చెంచా పెరుగు కలపండి. దారిలో అది తోడుకుంటుంది, మధ్యాహ్నం తినేసరికి కమ్మగా ఉంటుంది. ఉప్పు తినేముందు కలుపుకోవాలి. నంజుకోవడానికి చల్లమిరపకాయలు వేయించి విడిగా పెట్టుకోండి. డబ్బాలు డిక్కీలో ఎండ తగిలేచోట కాకుండా కాళ్ల దగ్గర నీడలో ఉంచండి, ఒంటిగంటలోపు తినేయండి. మిగిలింది సాయంత్రానికి దాచొద్దు.

బండి నడిపేవాళ్లు సగం కడుపే తినాలి. మధ్యాహ్నం కునుకు పట్టేది కడుపునిండా అన్నం తిన్న గంటకే.

తాగడానికి పానకం కలుపుకోండి. బెల్లం, మిరియాలు, యాలకులు, కాస్త శొంఠి. మంగళగిరి కొండ మీద నరసింహస్వామికి పోసేది అదే. ఇందులో మిరియాలు ఎందుకున్నాయో చెబితే దారిలో అరగంట కబుర్లకు సరిపోతుంది. మిరప మన మొక్క కాదు. అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసు వాళ్ల ఓడల్లో 16వ శతాబ్దంలో మన దేశానికి వచ్చింది. అంతకుముందు మన వంటల్లో కారమంటే మిరియాలదే. కొండవీటి రెడ్డిరాజుల ఆస్థానంలో ఉన్న శ్రీనాథుడు పల్నాడు వెళ్లి అక్కడి జొన్నకూడు గురించి విసుక్కున్నాడని ఆయన పేరు మీద చాటుపద్యాలున్నాయి. ఆ విసుగంతా మిరప ఎరగని నాలుకది. మీరు వెళ్లే దారికి దగ్గర్లోనే మోటుపల్లి ఉంది. కాకతి గణపతిదేవుడు 1244లో అక్కడ సముద్ర వర్తకులకు అభయమిస్తూ శాసనం వేయించాడు. తుఫానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకు రాజులు లాక్కునే పాత పద్ధతి మానేసి, నిర్ణయించిన సుంకమే తీసుకుంటానన్నాడు. ఆ రేవులో దిగిన సరుకుల్లోనూ మిరప లేదు. గుంటూరు అంటే కారమని లోకమంతా అనుకుంటోంది కానీ ఆ కారానికి మన నేల మీద వయసు ఐదొందల ఏళ్లకు మించదు. ఇంత తక్కువ కాలంలో దాన్ని ఇంత సొంతం చేసుకున్న రైతుల గురించి పిల్లలకు గర్వంగా చెప్పండి.

కల్లం దగ్గర

రోడ్డు పక్కన కారు ఆపి నేరుగా కల్లంలోకి నడవకండి. అది ఒక కుటుంబం ఏడాది కష్టం ఆరబోసుకున్న చోటు. గట్టు మీద నిలబడి పెద్దవాళ్లను పలకరించండి. "బాబాయ్, పిల్లలకు మిరప చూపిద్దామని వచ్చాం, రావచ్చా?" అంటే మన వైపు రైతు కాదనడు. కోసిన కాయ కుప్పపోసి మగ్గబెట్టడం, ఆరబోయడం, రోజూ తిరగెయ్యడం, మంచు పడకుండా రాత్రి పట్టా కప్పడం, తాలుకాయలు ఏరడం, తొక్కి టిక్కీలు నింపడం ఒక్కొక్కటీ అడిగి తెలుసుకోండి. ఈ సమయంలో ఒక్క అకాల వాన పడితే ఏమవుతుందో అడగండి. ఆయన చెప్పే జవాబు పిల్లలు పూర్తిగా వినాలి, మధ్యలో ఫోటోలకు పిలవొద్దు.

పచ్చడికి పండుకాయలు ఆయన దగ్గరే కొనండి. కండ ఉన్న రకం అడగండి, తేజ రకం సన్నగా, మరీ ఘాటుగా ఉంటుంది. బేరమాడొద్దు. ఆయన ఊరికే ఇస్తానన్నా డబ్బు ఇచ్చి రండి.

మిరప ముట్టుకున్న చేతులతో పిల్లలు కళ్లు నులుముకుంటారు. కారానికి కారణమైన పదార్థం నీటిలో కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకని ముందు చేతులకు కొబ్బరినూనె రాసి తుడిచి, తర్వాత సబ్బుతో కడగండి. కళ్లలో పడితే మాత్రం నూనె కాదు, మంచినీళ్లే ధారగా పోసి కడగాలి. నోరు మండితే పెరుగో పాలో ఇవ్వండి.

చేలల్లో కాయలు కోస్తున్న వాళ్లను గమనించండి. వాళ్లలో చాలామంది ఆ ఊరివాళ్లు కారు. కర్నూలు పడమటి మండలాల నుంచి, ప్రకాశం పడమటి మెట్ట నుంచి పిల్లాపాపలతో వలస వచ్చినవాళ్లు. బియ్యం, గిన్నెలు, దుప్పట్లు మోసుకొచ్చి, చేల పక్కనే పట్టాలు కట్టుకుని, మూడు రాళ్ల మీద వండుకుంటారు. కుటుంబం, వంట, ప్రయాణం మూడూ వాళ్ల దగ్గరా ఉన్నాయి. తేడా ఒక్కటే, వాళ్లకు ఇంటి దగ్గర పని లేదు. వాళ్ల పిల్లలు ఆ నెలల్లో బడికి దూరమవుతున్నారు. ఇది మీ పిల్లలకు తప్పకుండా చెప్పండి. జాలి పడమని కాదు, ఇంట్లో కారం డబ్బా మూత తీసినప్పుడు ఎవరి చేతుల మీదుగా వచ్చిందో తెలియాలని. వాళ్ల గుడిసెల ఫోటోలు తీయొద్దు. దగ్గర్లో నీడ ఉంటే అక్కడే కూర్చుని మీ డబ్బా తెరవండి, పక్కన ఉన్నవాళ్లను "రా అక్కా, కాస్త పులిహోర తిను" అని పిలవండి. ఇందుకోసమే పులిహోర ఇంకో నలుగురికి సరిపడా కలపమంటాను. వాళ్లు పెట్టింది మీరూ తినండి. ఈ పద్ధతి మనకు కొత్తేం కాదు. పల్నాడులో బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్లనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి తినిపించాడని చెప్పుకునే నేల ఇది. ఇప్పటికీ కార్తీకంలో కారంపూడి వీరుల ఉత్సవాల్లో చాపకూడు పెడతారు.

మర్నాడు

ఇంటికి రాగానే కాయలు సంచిలో వదిలేయకండి, చెమ్మకు కుళ్లుతాయి. ఆ రాత్రే కడిగి, బట్ట మీద ఆరబోయండి. తొడిమలు కడిగాకే తీయాలి, ముందే తీస్తే లోపలికి నీరు పోయి పచ్చడి బూజు పడుతుంది.

తెల్లారి ఒక్కో కాయా పొడిబట్టతో తుడవడం పిల్లల పని. కిలో కాయలకు పావుకిలో చింతపండు, పావుకిలోకు కాస్త తక్కువగా ఉప్పు, రెండు చెంచాల పసుపు. చింతపండులో ఈనెలు, గింజలు తాతయ్య తీస్తారు. కాయలు, ఉప్పు, పసుపు కచ్చాపచ్చాగా తొక్కి, మధ్యలో చింతపండు పెట్టి జాడీకి ఎత్తండి. రోలు ఉంటే రోట్లో తొక్కండి, లేకపోతే మిక్సీ చాలు, దానికి చిన్నబుచ్చుకోనక్కర్లేదు. మూడో రోజు తీసి మెత్తగా రుబ్బి మళ్లీ జాడీలో పెట్టేయండి. కావలసినప్పుడు కొంచెం తీసుకుని, వేయించిన మెంతులపొడి కలిపి, పప్పునూనెలో వెల్లుల్లి, ఆవాలు, ఇంగువతో పోపు పెట్టుకోండి. తడిగరిట మాత్రం జాడీలో పెట్టొద్దు.

జాడీ మీద కాగితం అంటించి తేదీ, కాయలు కొన్న ఊరు, పని చేసిన అందరి పేర్లు రాయండి. దూరాన ఉన్న అక్కకో, బాబాయికో ఒక సీసా పంపించండి, నోట్‌బుక్‌లో ఆ రోజు పేజీ ఫోటో తీసి దాంతోపాటు పంపండి.

ఇది ఒకసారి చేశాక ఏడాదిలో మిగతా దారులు మీకే తోస్తాయి. కార్తీకంలో ఉసిరిచెట్టు కింద వనభోజనం పెట్టుకుని అక్కడే ఉసిరికాయ పచ్చడి నూరవచ్చు. శివరాత్రి ముందు కోటప్పకొండ వైపు వెళ్తే ప్రభలు కట్టడం చూడవచ్చు. గోంగూర దొరికే ఊళ్లు ఎన్ని లేవు! మే నెలలో మాత్రం పల్నాడు దారులు పెట్టుకోకండి. రెంటచింతల ఎండల సంగతి తెలిసిందే. ఆ నెలలో ఇంట్లో కూర్చుని ఆవకాయ కలపండి, కాయ కొట్టే పని ఈసారి మగవాళ్లకివ్వండి.

కారు లేదని ఆగిపోవద్దు. గుంటూరు నుంచి చీరాలకు బస్సులున్నాయి, చీరాల, వేటపాలెం, చినగంజాం రైలు దారిలోనే ఉన్నాయి. కల్లాలకు ఆటో సరిపోతుంది. ఇద్దరే ఉన్న ఇల్లయితే పక్కింటివాళ్లను కలుపుకోండి.

ఏప్రిల్ వచ్చేసరికి కల్లాలు పలచబడతాయి, పండుకాయ దొరకడం తగ్గిపోతుంది. క్యాలెండర్ తీసి ఫిబ్రవరిలో ఒక ఆదివారం చుట్టూ గీత గీయండి. పనుల కాగితం ఈ రాత్రే రాయండి.